గోరు దిగిన చెక్క

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలి మత్స్యకారుడు కూర్చున్నాడు. ముందురోజు నా పాత కారుకు బ్రేకులు పడలేదు. వెనక సీట్లో పాప ఉంది. గట్టును గుద్దుకుని ఆగాం. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని నేను మా ఆవిడతో ఫోన్లో మాట్లాడటం ఆయన విన్నాడు.

"పాత పడవైతే సెక్క మీద గోరు నొక్కి సూస్తాం బాబూ. పైనెంత రంగేసినా, గోరు దిగిందంటే సెక్క పుచ్చినట్టే, మరి సంద్రంలోకి దింపం," అంటూ ముందు సీటు మీద బొటనవేలు నొక్కి చూపించాడు.

"ఎప్పుడూ దింపలేదా?"

"ఒక్కపాలి దింపినాం. మా తమ్ముడెల్లినాడు. తిరిగి రానేదు." ఆయన సీటు మీంచి బొటనవేలు తీసేశాడు.

మర్నాడు ముగ్గురం షెడ్డుకెళ్తే, బ్రేకులు బాగుచేశాను, కొత్తవాటిలా ఉన్నాయంటూ మెకానిక్ తాళాలిచ్చాడు. పాప పరుగున వెళ్లి వెనక తలుపు తీసింది.

"ఎక్కొద్దు!" అని అరిచాను.

మా ఆవిడ నా మొహం చూసి ఆటోను పిలిచింది.