పన్నెండో కాగితం

పురటాసి నెల రెండో శనివారం. ఆ రోజు మొదటి వింత, మా అత్త షెడ్డులో నీళ్ళ చప్పుడు లేకపోవడం. రోజూ తెల్లవారగానే ఆమె పైపు విప్పేది. గోడకు ఇటుపక్క ఉండే మేము ఆ చప్పుడుకే లేచేవాళ్ళం. ఆ నిశ్శబ్దం విని నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. తన అక్క నిద్రలోనే పోయిందని తిరిగొచ్చి చెప్పాడు.

అత్త అవినాశిలో బనియన్ల మీద బొమ్మలు అచ్చువేసే యూనిట్‌లో చాలా ఏళ్ళు పనిచేసింది. కోయంబత్తూరులో మా వీధికి మాత్రం ఆమె గళ్ళ బొమ్మల అక్క. ఆమె చిన్నప్పుడు ఇంటి ఎదుట వీడియో గేమ్ కొట్టు ఒకటి ఉండేదట. ఆడపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. కిటికీ కడ్డీలు పట్టుకుని చూసి, ఇంటికొచ్చి లెక్కల పుస్తకంలో గళ్ళు నింపేది. ఆ పాత ఆటల్లో మనుషులంతా గళ్ళ మనుషులే కదా. పెద్దయ్యాక అదే తీరులో తన సొంత మనుషుల్ని చేసింది: కుక్కలు తరుముతుంటే సైకిల్ తొక్కే పాలాయన, కొబ్బరిచెట్టు ఎక్కి దిగడం మరిచినవాడు. తమిళంలో చదువుకున్న నాచేత తెలుగు అక్షరాలు దిద్దించిందీ ఆ గళ్ళలోనే.

చట్రానికి బిగించిన జల్లెడ గుడ్డ మీద, అంటే స్క్రీన్ మీద, బొమ్మ పట్టించి, పైన రంగు లాగితే కింది కాగితం మీద అచ్చు పడేది. ఒక్కో బొమ్మకు పన్నెండే కాగితాలు కోసేది. పదకొండింటికి మూలన అంకె వేసి, ఇష్టపడి అడిగినవాళ్ళకు ఇచ్చేది. పన్నెండోదాన్ని వేరే ఒక ఉదయం అచ్చువేసి, ఇంటివాళ్ళను అడిగి, వీధిలో ఏదో ఒక గోడకు మైదా గంజితో అతికించేది. తిరిగొచ్చి స్క్రీన్ మీది బొమ్మను మందు రాసి కడిగేసేది. ఇక ఆ బొమ్మ మళ్ళీ పుట్టదు.

ఆమె కడగడం నేను మొదటిసారి చూసింది తొమ్మిదేళ్ళప్పుడు. పాలాయన సైకిల్‌తో సహా కరిగి కాలువలోకి జారిపోతుంటే గట్టిగా ఏడ్చాను.

"ఏం కన్నూ, పయమా?" భయాన్ని అత్త అలాగే పలికేది.

"ఆయన చచ్చిపోయినాడు అత్తా!"

"చావలే. పదకొండు ఇండ్లలో ఉండాడు, సువర్లో, గోడ మీద, ఒకడు ఉండాడు. ఇంకేం కావాల వానికి?"

నా మంచం కింద అట్టల మధ్య ఆమె బొమ్మలు పద్దెనిమిది ఉన్నాయి. ప్రతిదాని మీదా అంకె నాలుగు. నాలుగో కాగితం ఎప్పుడూ నాదే.

చివరి బొమ్మలో మాత్రం నాలుగోది నాకు ఇవ్వలేదు. రెండు మిద్దెల మధ్య సందు మీంచి దూకుతున్న గళ్ళ పిల్ల. ఒకే రంగు, నీలం. ఈ మిద్దె వదిలింది, ఆ మిద్దె మీద ఇంకా కాలు పడలేదు.

"నాలుగోది ఎవరికో ఇచ్చేసినావే అత్తా?" అని అలిగాను.

"ఈసారి పన్నెండోది నువ్వే లాగాల. అదే నీది."

"సువర్లో అతికిస్తే నాదెట్లా అవుతుంది?"

"రోజూ నువ్వు కాలేజీకి పోయే దారిలోనేదా అతికించేది. చూసుకో."

రబ్బరు పలకతో రంగును ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే గళ్ళు అలుక్కుపోతాయి. నేర్చుకోవడానికని ఉత్త గళ్ళున్న ఇంకో స్క్రీన్‌తో పాత పేపర్ల మీద నాలుగుసార్లు లాగి చూశాను. మూడు చెడిపోయాయి. అత్త నవ్వలేదు. "నాకూ పయమే, ప్రతిసారీ. చెయ్యి వణికితే లాగకు. పోయి కాఫీ తాగేసి రా" అంది.

నిన్న పదహారో రోజు కారియంతో అత్త కర్మకాండ ముగిసింది. ఇవాళ షెడ్డు తెరిచాము. స్క్రీన్ గోడకు ఆనించి ఉంది. బల్ల మీద ఇటుక కింద ఒక్కటే ఖాళీ కాగితం, పన్నెండోది. ఇంకోటి లేదు. అది చెడితే గళ్ళ పిల్ల గోడకు చేరదు.

బెంగళూరు నుంచి, ఆమె బొమ్మలు సేకరించే ఒకాయన ఫోన్ చేశాడు. "స్క్రీన్ ఉంది కదండీ, ఇంకో ఇరవై తీయించండి. ఎవరికి తెలుస్తుంది?"

"మాకు తెలుస్తుంది సార్" అని నాన్న పెట్టేశాడు. పెట్టేసి, ఆ స్క్రీన్‌ను తనే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కడిగెయ్యొద్దు పాపా. కడసిగా, ఆఖరుసారి, అక్క చెయ్యి పడింది దీనిమీదనేదా."

నాకూ అదే భయం. బొమ్మ చెడుతుందని ఒక భయం, బాగా వస్తే ఆ వెంటనే కడగాలని ఇంకో భయం. అయినా అన్నాను: "కడగకుంటే అది అత్త బొమ్మ కాదు నాన్నా."

స్క్రీన్‌ను వెలుతురుకెత్తి గళ్ళ పిల్లను చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

"సరి. నేను రాను, చూడలేను. కడిగేటప్పుడు పైపు బాగా విప్పు. ఇంట్లోకి వినిపించాల."

రేపు తెల్లవారగానే లేస్తాను. ముందు కాఫీ తాగుతాను. ఒక్క ఊపులో లాగుతాను. కాలేజీ దారిలో టైలర్ గారి గోడ అడిగి పెట్టాను, ఎండ తగలకముందే అతికించాలి. అక్కడ గళ్ళ పిల్ల గాల్లో ఉండగా నేను షెడ్డుకు తిరిగొచ్చి పైపు పూర్తిగా విప్పుతాను. గోడకు అటుపక్క, నాన్న మేలుకునే ఉంటాడు.