చెత్తబండిలో వేసిన నక్షాలు

బహ్రెయిన్‌లోని రిఫాలో ఒక పాత బడి మరమ్మతు. నేను టైల్స్ మేస్త్రీని. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కట్టిన బడి అది. నడవా గోడ పొడవునా రంగు పెంకుల ముక్కలతో పడవలు, చేపలు, వల లాగుతున్న మనుషులు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, అందులో ఒక్క చేప పొలుసులు కూడా అట్లా పేర్చడం నాకు చేతకాదు. ఆ గోడను ప్లాస్టరుతో కప్పేయాలని ఇంజనీరు ఆర్డరు.

సామాన్ల గది ఖాళీ చేస్తుంటే ఇనుప బీరువాలో నక్షాల చుట్టలు దొరికాయి. బడి గీసిన ఆర్కిటెక్టూ, గోడ చేసిన చిత్రకారుడూ రాసుకున్న ఉత్తరాలు కూడా. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. గోడ లేచేటప్పుడే తనను పిలవాలని, కట్టాక అతికిస్తే అది ఒట్టి సోకేనని చిత్రకారుడు రాశాడు. పిల్లల చేతికందే ఎత్తులో చేపలు పెట్టమని ఆర్కిటెక్టు జవాబు. నక్షా మీద ఆ ఎత్తు ఎర్ర పెన్సిలుతో గీసి ఉంది.

వీటిని ఏం చెయ్యాలో ఇంజనీరును అడగమని మా ఫోర్‌మన్‌ను పంపాను. జగిత్యాల దిక్కు మనిషి. అడిగొచ్చి, "ఖలాస్. అన్ని చెత్తబండిల ఎయ్యమన్నడు" అన్నాడు. నేనే మోసుకెళ్లి వేశాను.

వారం తిరక్కుండానే కాలేజీలో పాఠాలు చెప్పే ఒక బహ్రెయిన్ మేడం వచ్చింది. ఆ బడి కాగితాల కోసం ఏళ్ల తరబడి తిరుగుతోందట. అసలు కాగితాలే లేవని ఇంజనీరు నా ముందే నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తాపీ కింద పెట్టి, ఉండేవని, ఎవరు చెబితే నేను పారేశానో కూడా హిందీలో చెప్పేశాను. ఆమె పుస్తకం తీసి, నాకు గుర్తున్న ప్రతి మాటా రాసుకుంది.

సాయంత్రం మేముండే లేబర్ క్యాంపులో ఫోర్‌మన్ నిలదీశాడు. "నీకెందుకే మధ్యల?"

"నాతోని పారేయించి, నా ముంగటనే లేవన్నడు గదన్నా. నేనేమన్న గోడనా?"

మర్నాడే నన్ను ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక దుకాణం పనికి మార్చారు. మేడం ఎవరెవరికో రాసి ప్లాస్టరు పని ఆపించింది. గోడ మిగిలింది కదా, సంతోషించమంటారు తోటివాళ్లు. నాకు సంతోషం రాదు. ఇంజనీరు ఆ చుట్టలు విప్పనైనా లేదు. నేను చదివాను, అవేమిటో తెలిసీ వేశాను. ఒక్కటి చంకలో పెట్టుకుని తెచ్చుకున్నా ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఇంజనీరు ఇప్పటికీ మా సైట్లకు వస్తుంటాడు. నేను సలాం చెయ్యను.