ముగ్గు లేని శుక్రవారం

నా పెనిమిటిని కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. అప్పటికి నేను పెళ్లై వచ్చి ఏడాది కూడా నిండని కోడలిని. తిమ్మాజిపేట దగ్గర మా ఊరు. ఆ రోజు పొద్దెక్కాక మేకలు కాసే ముసలాయన ఊళ్లోకి ఉరికొచ్చాడు. మా పక్క పొలం మనిషి బోరు మోటరు దగ్గర చచ్చి పడున్నాడు. ఎవరో గొడ్డలితో నడినెత్తిన వేశారు. తల రెండు చెక్కలై, నెత్తురు వేరుశనగ తీగల మీదంతా చిమ్మిందట. ముందు రోజే కల్లు దుకాణం దగ్గర నా పెనిమిటి అతని గల్లా పట్టుకుని, "ఇంకోపారి నీ ఎడ్లు మా చేన్ల పడితే నరుకుత" అన్నాడు. నలుగురూ విన్న మాట. ఇంకేం కావాలి?

అందరికంటే ఎక్కువ కొట్టింది చచ్చినవాడి అన్న. కానుగ కట్టెతో మొదటి దెబ్బకే నా పెనిమిటి పళ్లు రాలి అంగీ మీద పడ్డాయి. రెండో దెబ్బకు మోచేయి పొయ్యిలో పుల్ల విరిచినట్టు విరిగింది. "నా తమ్ముని తిన్నవ్ గదరా, నీ పాడె గట్ట!" అని ఏడుస్తూనే కొడుతున్నాడు. నేను అడ్డం పోతే ఎవరో జుట్టు పట్టి ఈడ్చి పడేశారు.

అప్పుడు వచ్చింది మా అత్త. ఏడవలేదు. కొడుకు వైపు చూడను కూడా లేదు. నేరుగా ఆ అన్న పెళ్లాం ముందు నిలబడింది.

"ఏమే పిల్లా, ఇయ్యాల శుక్రారం గదా. తెల్లారంగ పేడకు పోతుంటే చూసిన. మీ వాకిట్ల సాన్పి లేదు, ముగ్గు లేదు. ఎల్లమ్మ గూట్ల దీపం లేదు. ఏమైందే?"

"పాణం బాగలేకుండె, పెద్దమ్మా."

"నీకు బాగలేకుంటె దీపం నీ మొగడు పెడ్తడు గదా. తలకు పోసుకొని తడి బట్టల మీద నిలవడ్డడు, నేను చూసిన. ఎందుకు పెట్టలే?"

మా దిక్కు పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఎవరు పోయినా మైల. అది తీరేదాకా వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేయరు, దేవుడికి దీపం పెట్టరు. ఆ అన్నకు ఎల్లమ్మంటే మహా భయం.

ఆమె మొగుడి వైపు ఒకసారి చూసింది. "దీపం ముట్టుకోవద్దన్నడు. మైలొచ్చిందన్నడు. ఎవరి మైలని అడిగితే నోట్ల గుడ్డ కుక్కిండు పెద్దమ్మా."

"ఇన్నరా?" అత్త గుంపు వైపు తిరిగింది. "పీనుగు పొద్దెక్కినంక దొరికె. వీళ్లింటికి మైల తెల్లారకముందే ఎట్లొచ్చె?"

ఆ అన్న చేతిలోంచి కట్టె జారింది. "బోరు నీళ్లు ఇడ్వలే వాడు" అన్నాడు. అంతే. అప్పటిదాకా నా పెనిమిటి మీద ఆడిన కట్టెలన్నీ అతని మీద పడ్డాయి. కిందపడ్డాక కాళ్లతో తొక్కారు.

కొడుకు కట్లు ఇంకా విప్పలేదు. అత్త పోయి ఆ మనిషి మీద అడ్డం పడింది. ఒక దెబ్బ ఆమె వీపున కూడా తగిలింది. "ఆపుండ్రిరా! వీడు సస్తే కేసు మళ్ల నా కొడుకు మీదికే వస్తది!"

ఊరికి ఉన్నది ఒకటే ఆటో. ఇద్దరినీ దాంట్లోనే వేసుకుని నాగర్‌కర్నూలు దవాఖానకు బయలుదేరాం. నా పెనిమిటి తల నా ఒళ్లో, ఆ మనిషి తల అత్త ఒళ్లో. అత్త కొంగు ఉండగా చుట్టి అతని గాయాన్ని అదిమి పట్టింది. కళ్లు మూతలు పడుతుంటే చెంప మీద ఒక్కటిచ్చింది.

"సావకురా," అన్నది. "పోలీసోళ్ల ముంగట నీ నోటితోని చెప్పు. అటెన్క సావు."