సంతకం పెట్టాను కానీ

బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూల్లో ఉచిత సీటు వచ్చిన మా అమ్మాయి శిరీష ఈ రోజు వాట్సాప్‌లో ఫారం పంపింది. అక్కడ ఇంటర్‌కు బదులు ఎ లెవెల్స్ అట, రెండేళ్లూ మూడే సబ్జెక్టులట. సాయంత్రంలోగా నా సంతకం కావాలి. చూస్తే లెక్కలు, చరిత్ర, చిత్రకళ! మగ్గం దగ్గర కూర్చోలేక లేచి ఫోన్ చేశాను.

"సైన్సు యాడమ్మా?"

"వద్దనుకున్నా నాయనా."

"రేపు కాలేజీలో సీటు ఇయ్యకపోతే?"

"అన్నీ కనుక్కొనే రాసినా. నాకు ఇష్టమైనవి ఇవే."

సంతకం పెట్టి పంపాను. అయినా ఎమ్మిగనూరు వీధుల్లో ఊరికే తిరుగుతూనే ఉన్నాను. పదో తరగతిలో నేను ఆరు సబ్జెక్టులు చదివాను. ఏది ఇష్టమని నన్నెవరూ అడగలేదు. మిమ్మల్ని అడిగారా?