ఎర్రరెక్కలాయన నేనని చెప్పలేదు

నలభై ఏళ్లకు పైగా ఒక బరువు మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. మా నాయన చివరి రోజుల్లో చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పుంగనూరు దగ్గర పల్లె మాది. భూములున్న కుటుంబం. డెబ్బైల చివర్లో మదనపల్లె కాలేజీ బస్సు కోసం పుంగనూరుకు సైకిల్లో పోతుండగా గంగప్ప స్నేహమయ్యాడు. అక్కడే సైకిళ్లు రిపేరు చేసేవాడు. ఉండేది మా ఊరి బయటి వాడలో. ఊళ్లోవాళ్లు వాడి చేతి నీళ్లు తాగరు. తాగేబావి దగ్గరికి రానివ్వరు.

ఆ ఏడు వానల్లేవు. నడవలేని ముసలోళ్లకు పొలం బావుల నుంచి నీళ్లు మోసిపెడదామన్నాడు. "నేను తెస్తే తాగరప్పా. ఎవురో తెలీకుంటే తాగుతారు," అన్నాడు.

బొమ్మల పుస్తకాల్లో వీరుల్లాగా పచ్చ చొక్కా, గంగప్ప వాళ్లమ్మ పాత చీర చించి కుట్టిన ఎర్రటి రెక్కలు, కండ్లు మాత్రం కనబడే ముసుగు. ఉన్నది ఒకే జత. ఒకరోజు వాడు, ఒకరోజు నేను. ఎవరో మొక్కుబడి వేషం కట్టారనుకున్నారు పెద్దలు. పిల్లలు మాత్రం ఎర్రరెక్కలాయన అని వెంటపడేవాళ్లు. సోమల దారిలో బోల్తాపడ్డ బండ్లు లేపాం. సూదికి భయపడే పిల్లల్ని ఎత్తుకుని నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయాం. అదంతా ఒక్క మనిషే అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం మా తాగేబావిలో ఆరేళ్ల పిల్ల పడింది. ఆ రోజు బట్టలు నా ఒంటిమీదున్నాయి. దిగాను. పిల్లను భుజానేసుకుని పైకొచ్చాను. పిల్ల దగ్గి, ఏడ్చింది. బతికింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాను. తడి బట్టలు ఇంట్లో ఆరేస్తే నాయనకు తెలుస్తుంది. గంగప్పకిచ్చాను. వాడు ఇంటి వెనక కంచెమీద ఆరేశాడు. ఎవరో చూశారు.

మర్నాడు పెద్దమనుషులు కూర్చుని గంగప్పను పిలిపించారు. మధ్యలో మా నాయన. పిల్ల బతికిందని ఒక్కరూ అనలేదు. బావి మైలపడిందన్నారు.

"బాయిలో దిగింది నువ్వేనారా?" అన్నాడు నాయన.

గంగప్ప నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను నేలచూపులు చూశాను.

"నేనే సామీ," అన్నాడు.

నేనని చెప్పుంటే నాకేమయ్యేది? నాలుగు తిట్లు. నేను దిగితే బావికి మైలే లేదు కదా. అయినా నోరు విప్పలేదు. భయమా? భయమనే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. వాడు విప్పిన చొక్కా నేను తొడుక్కున్నానని, వాళ్లింట్లో కూర్చుని వాళ్లమ్మ పెట్టిన సంగటి తిన్నానని నలుగురికీ తెలుస్తుందే అని సిగ్గు. వాడితో స్నేహం ముసుగున్నంతవరకే చేశాను.

బట్టలు అక్కడే కాల్చారు. బావి నీళ్లన్నీ తోడిపోయించారు. వాడిని ఊళ్లో అడుగుపెట్టొద్దన్నారు. వారం తిరక్కముందే తల్లిని తీసుకుని కుప్పం వెళ్లిపోయాడు.

ఎనభైల మధ్యలో కుప్పం వెళ్లి, బస్టాండు పక్కన వాడి సైకిల్ షాపు వెతుక్కుంటూ పోయాను. ట్యూబుకు ప్యాచీ వేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు. టీ తెప్పించాడు.

"ఆ పొద్దు నువ్వు కాదని యాల చెప్పలేదు గంగప్పా?"

"నువ్వు సెప్తావని సూస్తా ఉంటినప్పా. నువ్వు తల దించుకుంటివి. నేను కాదంటే ఎవురు నమ్మేది?"

టీ గ్లాసు నా చేతికిచ్చి వాడే అడిగాడు. "ఆ పాప బాగుండాదా?"

"బాగుండాది," అన్నాను.

తప్పయిందని అనలేదు. టీ తాగి బస్సెక్కాను.

ఇప్పుడు గంగప్ప లేడు. ఆ పిల్ల మదనపల్లెలో టీచరు. తనను కాపాడింది గంగప్పని తన పిల్లలకు చెబుతుందట. ఇప్పుడు నేను నిజం చెబితే పేరు కోసమనుకుంటుంది. అప్పుడు చెప్పుంటే వాడికి ఊరు మిగిలేది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. ఆ బావిలో దిగింది నేను. ఈ ఒక్క మాట రాయడానికి మూడు రోజులు పట్టింది. రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది.