సూటు ఆయన ఒంటిమీద, బండి నాది

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. బండి ఎవరిదైతే వాళ్లే తోలతారన్నది ఒకటి, సీనియారిటీ అన్నది ఆఫీసు గేటు దగ్గరే ఆగిపోతుందన్నది రెండోది. అప్పటికే బీటలు వారిన ఆ రెండూ ఒకే ఆదివారం, గ్రేటర్ నోయిడా వైపున్న రేసు ట్రాకులో, నా కళ్లముందే మట్టిగొట్టుకుపోయాయి. ఇన్నేళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా సెక్షన్‌లో నాకన్నా పదకొండు రోజులు ముందు చేరిన కాకినాడ ఆయన ఒకడుండేవాడు. ఢిల్లీ జనక్‌పురిలో ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఆయన లెక్కలో పదకొండు రోజులంటే పదకొండేళ్లు. నేను 'సీనియర్ గారూ' అనే పిలవాలి, టీ ముందు ఆయన గ్లాసులోనే పడాలి. చివరికి నా బండి మీద నన్నే వెనక కూర్చోబెట్టుకునేవాడు (తప్పు నాదేలెండి, తాళం ఇచ్చింది నేనే). మామూలు జనం కూడా సొంత బండి తెచ్చుకుని ఆ ట్రాకు మీద తోలుకోవచ్చని తెలిసి ఇద్దరం పేర్లిచ్చాం. ఇద్దరికీ కలిపి నా బండి ఒకటి, అద్దెకు తెచ్చిన తోలు సూటు ఒకటి. ఇరవై నిమిషాల చొప్పున నాలుగుసార్లు వదులుతారు. మొదటిదీ మూడోదీ ఆయనవి, రెండోదీ నాలుగోదీ నావి అని కాగితం మీద రాసుకున్నాం. ఒక్క చుట్టు, ఒక్కటంటే ఒక్క చుట్టు తిరిగి రావాలని నా కోరిక. పై వారమే నాకు గౌహతి ట్రాన్స్‌ఫరు. ఇది పోతే మళ్లీ రాదు.

మొదటిసారి ఆయన తిరిగొచ్చాడు. రెండోసారి నేను సూటు అడిగితే, ఎవరో పడిపోయి ఎర్రజెండా ఊపడం వల్ల తన టైము సగం పోయిందనీ, సెలవురోజు పనిచేసినవాడికి బదులు సెలవిచ్చినట్టు ఇది తనకే సర్దాలనీ వాదించాడు. నేను తలూపాను. ఎందుకు ఊపానో నన్నడక్కండి! ఇక మూడోది కాగితం ప్రకారమే ఆయనది. నాలుగోది, ఆఖరిది, మాత్రం ప్రాణం పోయినా వదలనని ముందే చెప్పాను. అచ్ఛా, ఠీక్ హై అన్నాడు.

తీరా చూస్తే సూటు జిప్పు ఆయన ఛాతీ దగ్గర ఇరుక్కుపోయింది. సూటు లేనిదే ట్రాకు మీదికి పంపరు. నేను లాగాను. గేటు దగ్గరి భయ్యా లాగాడు. పక్కనున్న సర్దార్జీ పాపం పటకారు పట్టుకొచ్చాడు. జిప్పు కదిలితే ఒట్టు. ఇంకో నిమిషంలో గేటు మూసేస్తామని కేక వేశారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడాయన హెల్మెట్ చేతిలోకి తీసుకుని, ఫైలు చదువుతున్నంత గంభీరంగా అడిగాడు.

"ఏవయ్యా, మార్చి ఆఖరుకి నిధులు వాడకపోతే ఏవవుతాయి?"

"మురిగిపోతాయండీ" అన్నాను (అలవాటైన నోరు, ఏం చేస్తాం).

"మరి ఈ ఇరవై నిమిషాలూ అంతే కదా" అని నా బండెక్కి వెళ్లిపోయాడు.

నేను ఆయన చెప్పులు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. పోతూ పోతూ ఫొటో తియ్యమని పురమాయించాడు కూడా! పళ్లు నూరుకుంటూ నా ఫోనులో తీశాను. మలుపులో బండి ఎంత అందంగా వంగిందో చెప్పలేను. నా బండి మరి. ఆయన తిరిగొచ్చాక జిప్పు ఒక్క లాగుకి జర్రున దిగిపోయింది.

గౌహతి నుంచి మళ్లీ ఢిల్లీ చేరి చాలాకాలమైంది. ఆ ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. హెల్మెట్ నల్లద్దం వెనక ఎవరున్నారో తెలియదు. మా అమ్మాయి తన స్నేహితులకి 'మేరే పాపా' అని హిందీలో గొప్పగా చూపిస్తుంది. నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు, అంతే.

పోయిన నెల సీనియర్ గారు భోజనానికొచ్చాడు. మా అమ్మాయి ఆయన్నీ ఫొటో ముందుకి లాక్కెళ్లింది. పప్పుగిన్నె పట్టుకుని నేను ఉన్నచోటే నిలబడిపోయాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మీ నాన్న ఆ రోజు బండిని భలే వంచాడమ్మా. నేను గోడ దగ్గర నిలబడి చూశాను" అన్నాడు.

నా ఇరవై నిమిషాలు ఇన్నేళ్లకి నాకు సర్దుబాటయ్యాయి. కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు. కాకపోతే పప్పు ముందు ఆయన కంచంలోనే వడ్డించాను.