మెయిన్ స్విచ్ పక్కన రాగితీగ

పరాగ్వేలో పిరిబెబుయి ఊరికి పోయే బస్సు సగం దారిలో టైరు పేలి నిలిచిపోయింది. కరెంటు పనివాడు కాసియానో దిగి ఎర్రమట్టి గట్టు మీద కూర్చున్నాడు. పక్కనే చిపా రొట్టెల బుట్ట దించుకున్న సిల్వినమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, నీ కంపాద్రే ఇల్లు తగలబెట్టావటగా?"

"నేనా?"

"మరి నేనా? నువ్వు పెట్టిన మెయిన్ స్విచ్ నాసిరకందట. వంటింటి గోడంతా మాడిపోయిందని ఆ కంపాద్రే, లిబరాతో, ఊరంతా చెప్పుకు ఏడుస్తున్నాడు. మా అల్లుడు నిన్నే పిలుద్దామన్నాడు. నేనే వద్దన్నాను."

రెండు నెలలుగా తననెవరూ పనికి ఎందుకు పిలవడం లేదో కాసియానోకి అప్పుడు తెలిసింది. బస్సు కోసం ఆగలేదు. సంచీ భుజాన వేసుకుని కంపాద్రే ఇంటికి నడిచాడు. లిబరాతో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా బిడ్డను ఎత్తుకున్నది అతనే. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు కంపాద్రేలు. ఆ ఇంటి వైరింగంతా ఊరికే చేసిపెట్టాడు.

ఇంట్లో ప్రతి వస్తువునూ పనిచేసినందుకు మెచ్చుకుంటారు. మెయిన్ స్విచ్ ఒక్కటే పాపం, మోయలేని బరువు పడగానే కరెంటు ఆపి ఇంటిని కాపాడినందుకు తిట్లు తింటుంది. పరాగ్వే నది మొదలుకుని ఆండీస్ కొండల దాకా ఎక్కడ చూసినా ఇదే తంతు.

లిబరాతో వసారాలో చల్లటి ఆకు పానీయం తెరెరే తాగుతున్నాడు. కాసియానో పలకరించకుండా స్విచ్ పెట్టె తెరిచాడు. స్విచ్‌కి పైనా కిందా కలుపుతూ లావాటి రాగితీగ. కరెంటంతా స్విచ్‌ని తప్పించుకుని అందులోంచే పోతోంది.

"ఇదెవరు పెట్టారు కంపాద్రే?"

"ఏసీ, కరెంటు పొయ్యి కలిపి వేస్తే చాలు, స్విచ్ టప్పున పడిపోయేది. చెమటకి చచ్చాం. చిన్న తీగేగా!"

"గోడ కాలాక కూడా తియ్యలేదా? నేనెత్తుకున్న బిడ్డ పడుకునేది ఈ గోడవతలే కదా!"

"అరవకు, మా ఆవిడ వింటుంది. నేనే చేశానంటే గడప తొక్కనివ్వదు. నీకేముంది, నాలుగు రోజులు పోతే జనం మరిచిపోతారు."

"సిల్వినమ్మకి నిజం చెప్తావా?"

లిబరాతో తెరెరే ఆకు ఉన్న కొమ్ము గ్లాసులో నీళ్లు పోసి అందించాడు.

కాసియానో మీటరు దగ్గర కరెంటు ఆపి, రాగితీగ ఊడదీసి, స్విచ్ సరిచేసి మళ్లీ కరెంటిచ్చాడు. అప్పుడు గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసి తిరిగిచ్చాడు.

"గ్రాసియాస్."

అక్కడ గ్లాసు తిరిగిస్తూ అలా థాంక్స్ అన్నవాడికి ఇక పొయ్యరు.

"అదేంటి కంపాద్రే, ఒక్కటేగా తాగావు! కూర్చో!"

అప్పటికే కాసియానో రాగితీగ చేత్తో పట్టుకుని, సిల్వినమ్మ ఇంటి దారి పట్టాడు.